బతికున్న చేపల తొట్టెకు విద్యుదయస్కాంత పిస్టన్ ఎయిర్ పంపు: ఎంచుకోవడం, అమర్చడం, కాపాడుకోవడం

బతికున్న చేపలు అమ్మే దుకాణంలోకి వెళ్తే త్రాసు చప్పుడుకన్నా ముందు చెవిన పడేది ఒక సన్నని, ఆగని గుర్రు. తొట్టె పక్కన చిన్న స్టూలు మీద, అరలు అరలుగా పోతపోసిన అల్యూమినియం ఒంటితో, రెండు చేతుల్లో పట్టేంత పెట్టె ఒకటి ఉంటుంది. దాని మూతి నుంచి ఒక పైపు ఇత్తడి కొళాయిల వరుసలోకి, అక్కడి నుంచి సన్నని పైపులు తొట్టెల్లోకి వెళ్తాయి. అదే విద్యుదయస్కాంత పిస్టన్ ఎయిర్ పంపు. ఇంటి పెరట్లో తార్పాలిన్ తొట్టె వేసి చేపలు పెంచేవారూ, రోడ్డు పక్కన నాలుగు గోలేలు పెట్టుకుని అమ్మేవారూ ఎక్కువగా నమ్ముకునేది దీన్నే. కొనేటప్పుడు ఎన్ని వాట్లని అడుగుతారు తప్ప, లోపల ఏం జరుగుతుందో అడిగేవారు తక్కువ. అది తెలియకపోవడం వల్లనే మంచి పంపు కూడా ఆరు నెలలకే మూలపడుతుంది. కాబట్టి ముందు లోపలి సంగతి చూసి, తరువాత ఎంపికకూ అమరికకూ వెళ్దాం.

లోపల ఏం జరుగుతుంది

టైరుకు గాలి కొట్టే కంప్రెసరులో మోటారు తిరుగుతుంది, ఆ తిరుగుడును క్రాంకు ముందుకూ వెనక్కూ కదలికగా మారుస్తుంది, ఆ కదలికతో పిస్టన్ గాలిని నొక్కుతుంది. ఈ పంపులో తిరిగేది ఏదీ లేదు. రాగి తీగ చుట్టిన ఒక కాయిల్, దాని అయస్కాంత బలానికి లోబడి కదిలే ఒక పిస్టన్, ఆ పిస్టన్‌ను వెనక్కి తెచ్చే స్ప్రింగ్, పిస్టన్ ఇమిడిన సిలిండర్, గాలి రావడానికీ పోవడానికీ పలుచని రెండు వాల్వులు మాత్రమే ఉంటాయి.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే కాయిల్‌లో కరెంటు సెకనుకు 50 సార్లు ఒక దిశలో, 50 సార్లు ఎదురు దిశలో పారుతుంది. కొన్ని పంపుల్లో, కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే డయోడు ఒకటి పెట్టి ఆ తరంగంలో సగాన్ని మాత్రమే కాయిల్‌కు అందిస్తారు. ఆ సగంలో కాయిల్ పిస్టన్‌ను తనవైపు లాక్కుంటుంది, మిగిలిన సగంలో స్ప్రింగ్ దాన్ని తిరిగి తన చోటికి నెడుతుంది. మరికొన్నింటిలో పిస్టన్ కాడకు శాశ్వత అయస్కాంతం బిగించి ఉంటుంది. కరెంటు దిశ మారినప్పుడల్లా కాయిల్ ధ్రువాలు కూడా తారుమారవుతాయి కాబట్టి, ఒక సగంలో లాగిన కాయిలే మరో సగంలో నెడుతుంది. పద్ధతి ఏదైనా ఫలితం ఒకటే: పిస్టన్ సెకనుకు 50 సార్లు వెళ్లి వస్తుంది. రోజంతా నడిస్తే ఆ రాకపోకలు 43 లక్షల 20 వేలు. ఒక్కో కదలిక కొద్ది మిల్లీమీటర్లే అయినా, తొట్టెలో బుడగలు తెంపు లేకుండా లేవడానికి కారణం ఈ వేగమే.

పిస్టన్ వెనక్కి జరిగినప్పుడు సిలిండర్‌లో పీడనం తగ్గి, లోపలికి తెరుచుకునే వాల్వు రెక్క లేచి, ఫిల్టర్ గుండా బయటి గాలి వస్తుంది. ముందుకు వచ్చినప్పుడు ఆ రెక్క మూసుకుని, బయటికి తెరుచుకునే రెక్క లేస్తుంది, గాలి పైపులోకి పోతుంది. ఆ రెక్కలు గోరంత వెడల్పు ఉంటాయి. వాటి కింద ఒక ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, నొక్కిన గాలి వెనక్కి జారిపోతుంది, తొట్టెలో బుడగలు సగానికి పడిపోతాయి.

ఇక్కడ రెండు విషయాలను గుర్తుంచుకోవాలి. ఈ వ్యాసంలో తరువాత చెప్పే జాగ్రత్తలన్నీ వీటిలోంచే వస్తాయి. మొదటిది, ఈ పిస్టన్ నూనె లేకుండా పొడిగా నడుస్తుంది. జారే గుణం ఉన్న పదార్థంతో పిస్టన్‌ను తయారుచేస్తారు, సిలిండర్ లోపలి గోడను అద్దంలా నున్నగా తీరుస్తారు. రెండోది, ఈ పిస్టన్ ఎంత దూరం కదలాలో నిర్ణయించే క్రాంకు లేదు. క్రాంకు ఉన్న యంత్రంలో ఎదురు ఒత్తిడి ఉన్నా పిస్టన్ తన దూరం తాను పూర్తిచేయవలసిందే. ఇందులో అయితే అయస్కాంత బలం, స్ప్రింగ్ బలం, ఎదురుగా ఉన్న గాలి ఒత్తిడి ఈ మూడూ తేల్చుకున్న చోటనే పిస్టన్ ఆగి వెనుదిరుగుతుంది. అందువల్ల పైపు మూసుకుపోయినా, వోల్టేజీ పడిపోయినా కదలిక పొట్టిదవుతుంది, గాలి తగ్గుతుంది. కాయిల్‌కు అందే కరెంటు మాత్రం ఆగదు. గాలిగా బయటికి పోవలసిన శక్తి వేడిగా ఒంట్లోనే మిగులుతుంది.

దీనివల్ల కలిగే మేలు, దీని పరిమితి

నూనె లేదు కాబట్టి నీటిలోకి నూనె తుంపర రాదు. చేపల మొప్పలకు నూనె పొర అంటడం ఎంత ప్రమాదమో పెంపకందారులకు చెప్పనక్కరలేదు. మామూలు నూనె కంప్రెసరును తొట్టెకు వాడకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు. తిరిగే మోటారు, బెల్టు, బేరింగులు లేవు కాబట్టి పాడవడానికి ఉన్న భాగాలే తక్కువ. పిస్టన్ తిన్నగా వెళ్లి తిన్నగా వస్తుంది. క్రాంకు యంత్రంలో కడ్డీ వంకర నెట్టుడు వల్ల పిస్టన్ ఒక పక్క గోడను రుద్దే బాధ ఇందులో ఉండదు. కరెంటు ఖర్చు కూడా కొద్దే. 35 వాట్ల పంపు 24 గంటలు నడిస్తే 0.84 యూనిట్, నెలకు సుమారు 25 యూనిట్లు. గాజు తొట్టెలకు వాడే చిన్న రబ్బరు పొర పంపులతో పోలిస్తే దీని గాలి ఎక్కువ, లోతుకు నెట్టే బలమూ ఎక్కువ. ఒకే పంపుతో ఏడెనిమిది తొట్టెలకు పైపులు తీసుకోవచ్చు.

పరిమితులు కూడా అంతే సూటిగా చెప్పాలి. ఇది గుర్రుమంటుంది, పడకగదిలో పెట్టుకునే వస్తువు కాదు. వేడెక్కుతుంది. పిస్టన్, సిలిండర్ కాలక్రమేణా అరుగుతాయి, ఆ జతను మార్చుకోవాలి. రబ్బరు పొరతో పనిచేసే పెద్ద లీనియర్ పంపులు దీనికన్నా నిశ్శబ్దంగా నడుస్తాయి, ధర మాత్రం ఎక్కువ. ఎకరాల చెరువుకైతే ఇది ఏమాత్రం చాలదు. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో నీటిని చిమ్మే చక్రాల ఏరియేటర్లు పెట్టేది అందుకే. గుడ్లు పొదిగించి పిల్లలను తీసే హేచరీల్లో పదుల తొట్టెలకు ఒకేసారి గాలి ఇవ్వాలంటే బ్లోయరు వాడాలి. కొన్ని వందల లీటర్ల నుంచి కొన్ని వేల లీటర్ల దాకా ఉండే తొట్టెలకే ఈ పిస్టన్ పంపు సరిగ్గా సరిపోతుంది.

ఎంత పంపు కావాలో లెక్క వేసుకోండి

దుకాణదారు చెప్పిన సైజు కొనకుండా, కాగితం మీద ఒక లెక్క వేయండి. నిమిషానికి 40 లీటర్ల గాలి ఇచ్చే పంపును తీసుకుందాం. గంటకు 2,400 లీటర్ల గాలి. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి సుమారు 500 లీటర్ల ఆక్సిజన్, బరువులో 650 గ్రాములు. వినడానికి ఇది చాలా ఎక్కువ. కానీ బుడగ అడుగు నుంచి పైకి తేలడానికి పట్టే కొద్ది క్షణాల్లో అందులోని ఆక్సిజన్‌లో చిన్న భాగమే నీటిలో కరుగుతుంది. మిగతాది పైకి వచ్చి పగిలిపోతుంది. మోకాలి లోతు తొట్టెలో, మామూలు ఎయిర్ స్టోన్‌తో (పైపు కొసన తగిలించే, గాలిని సన్నని బుడగలుగా విడగొట్టే రంధ్రాల రాయి) అది 2 శాతం అనుకుంటే, చేతికి వచ్చేది గంటకు 13 గ్రాములు.

అది కూడా నీటిలో ఆక్సిజన్ బొత్తిగా లేనప్పటి మాట. నీరు ఆక్సిజన్‌తో ఎంత నిండితే అంత తక్కువగా పీల్చుకుంటుంది. 30 డిగ్రీల వేడిలో నీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే పట్టి ఉంచగలదు; 20 డిగ్రీల వద్ద అది 9 దాటుతుంది. చేపలు ఇబ్బంది లేకుండా ఉండాలంటే లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండాలి. నీరు 5 దగ్గర ఉన్నప్పుడు ఇంకా మిగిలిన ఖాళీ మూడో వంతే కాబట్టి, మన 13 గ్రాములు 4 గ్రాముల పైచిలుకుకు దిగుతుంది. శీలావతి, బొచ్చె వంటి చేప కిలో బరువుకు గంటకు 300 మిల్లీగ్రాములు వాడుకుంటుందని లెక్కిస్తే, ఆ పంపు నిశ్చింతగా మోయగలిగేది 14 కిలోల చేపలను.

ఇది అంచనా లెక్క. రాయి రంధ్రాల సన్నదనం, తొట్టె లోతు, చేప మేత తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. అయినా ఈ లెక్క ఒక్కసారి చేసినవారు 40 లీటర్ల పంపు పెట్టి క్వింటాలు చేపలు దింపరు. మే నెలలో నీరు పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది, చేప పీల్చేది పెరుగుతుంది. కాబట్టి లెక్క ఎప్పుడూ వేసవిని పెట్టుకునే వేయాలి.

కొర్రమీను విషయం వేరు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఈ కొర్రమీను నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. దానికి బుడగలకన్నా ముఖ్యం నీటికీ మూతకూ మధ్య ఖాళీ. తొట్టెను అంచుదాకా నింపి పలక మూత వేస్తే, ఎంత పెద్ద పంపు ఉన్నా అది ఊపిరాడక చస్తుంది. జానెడు ఖాళీ వదిలి, ఎగిరి బయట పడకుండా పైన వల కట్టండి.

లేబుల్‌ను ఇలా చదవండి

లేబుల్ మీద నాలుగు అంకెలు చూడాలి: వోల్టులు, హెర్ట్జ్, నిమిషానికి లీటర్లు, ఒత్తిడి. మొదటి రెండూ 230 (లేదా 220–240), 50 అని ఉండాలి. అమెరికా నుంచి వచ్చిన బంధువులు తెచ్చిన పంపు అయితే దాని మీద 120, 60 అని ఉంటుంది. దాన్ని మన సాకెట్లో పెడితే కాయిల్ కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజీ తగ్గించినా 60 హెర్ట్జ్ రాదు. పిస్టన్, స్ప్రింగ్ జతను 60 ఊపులకు తగినట్టు తీర్చి ఉంటారు కాబట్టి 50 దగ్గర అది తన పూర్తి గాలి ఇవ్వదు.

లీటర్లు, ఒత్తిడి అన్నవి రెండు వేర్వేరు కొసలు. పైపు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు వచ్చే గాలి మొదటి అంకె. గాలి ఏమీ కదలకుండా నిలిచిపోయే ఒత్తిడి రెండోది. రెండూ ఒకేసారి రావు. ఒక మీటరు నీటి లోతు సుమారు 10 కిలోపాస్కల్‌ల ఎదురు ఒత్తిడి పెడుతుంది, అంటే చదరపు సెంటీమీటరుకు 0.1 కిలో. పంపు గరిష్ఠ ఒత్తిడి 20 కిలోపాస్కల్‌లు అని ఉంటే, రెండు మీటర్ల లోతులో అది గాలి ఇవ్వనే ఇవ్వదు. ఒక మీటరులో సుమారు సగం ఇస్తుందని అనుకోవచ్చు. అందుకే నేను ఎవరికి చెప్పినా రాళ్లను అర మీటరు నుంచి ముప్పావు మీటరు లోతులో ఉంచమనే చెబుతాను. పైన వేసిన లెక్కలోని 40 లీటర్లు కూడా ఆ లోతు దగ్గర దక్కవలసిన గాలి. లేబుల్ మీద అంతకన్నా పెద్ద అంకె ఉన్న పంపును కొనండి.

ఎక్కడ పెట్టాలి

పంపును తొట్టె నీటి మట్టానికి పైన పెట్టండి. ఈ ఒక్క మాట పాటించకపోవడం వల్ల జరిగే నష్టాన్ని నేను దగ్గరగా చూశాను. మా బాబాయి చేపల దుకాణం తెరిచిన కొత్తలో, చప్పుడు తగ్గుతుందని పంపును నేల మీద, తొట్టె గోడ చాటున పెట్టించాడు. ఒక రాత్రి కరెంటు పోయింది. తెల్లారి నాకు ఫోను చేసి, “ఒరేయ్, పంపు మూలుగుతోందిరా, గాలి మాత్రం రావట్లేదు” అన్నాడు. వెళ్లి పైపు ఊడదీస్తే పంపు మూతి నుంచి నీళ్లు కారాయి. కరెంటు ఆగగానే పైపులో గాలి ఒత్తిడి పోయి, తొట్టెలో నీరు పైపులోకి ఎక్కి, అంచు దాటి, కిందనున్న పంపులోకి దానంతట అదే జారింది. మళ్లీ కరెంటు రాగానే తడిసిన సిలిండర్‌లో పిస్టన్ బిగిసిపోయింది. విప్పి చూస్తే అద్దంలా ఉండవలసిన గోడ మీద గోధుమరంగు మరక, పిస్టన్ అంచున బురదలా మారిన నల్లటి పొడి. తొట్టెలో ఉన్న చేపల్లో కొర్రమీనులు తప్ప ఒక్కటీ మిగల్లేదు.

పంపును పైన పెట్టలేని పరిస్థితి ఉంటే, పంపుకు దగ్గరలో పైపు మీద గాలిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు బిగించాలి. దాని మీది బాణం గుర్తు తొట్టె వైపు చూడాలి. పంపు పైన ఉన్నా ఆ వాల్వు ఉండటం మంచిదే. పైపును కూడా ముందు నీటి మట్టానికి జానెడు పైకి తీసుకెళ్లి, అక్కడి నుంచి తొట్టెలోకి దింపండి.

చోటు నీడలో ఉండాలి, చుట్టూ గాలి ఆడాలి. చెమ్మ చిమ్మే చోట, చేపలు కోసే బల్ల పక్కన, ఉప్పు మూటల దగ్గర పెట్టకండి. చప్పుడు వినపడకూడదని అట్టపెట్టెలో మూసేవారున్నారు. అది పంపును బతికుండగా ఉడికించడమే. చప్పుడు తగ్గాలంటే కింద మందపాటి రబ్బరు పట్టా వేసి, బరువైన రాతి పలక మీద గానీ సిమెంటు గట్టు మీద గానీ ఉంచండి. పలుచని రేకు అర మీద పెడితే ఆ రేకు కూడా తోడై మోగుతుంది.

పైపులు, కొళాయిలు, రాళ్లు

పంపు మూతి ఎంత వెడల్పుంటే, కొళాయిల వరుస దాకా అంతే వెడల్పు పైపు వాడండి. మూతి దగ్గరే సన్న పైపు తగిలిస్తే, ఇంతకుముందు చెప్పుకున్న ఎదురు ఒత్తిడిని మనమే తయారుచేసినట్టు. పంపు నుంచి వచ్చే మొదటి అడుగు పైపు వేడిగా ఉంటుంది, సన్న ప్లాస్టిక్ మెత్తబడి జారిపోతుంది. కాబట్టి అక్కడ మందపాటి రబ్బరు లేదా అల్లిక పైపు వేసి క్లిప్పుతో బిగించండి. వరుస నుంచి తొట్టెలకు మామూలు సిలికాన్ పైపులు సరిపోతాయి.

కొళాయిలు తిప్పేటప్పుడు చాలామంది తప్పు చేస్తారు. ఎనిమిది కొళాయిల్లో మూడే అవసరమైతే మిగతా అయిదూ మూసేస్తారు. మూడు తొట్టెల్లో బుడగలు ఉధృతంగా వస్తుంటే సంతోషిస్తారు. పంపు లోపల మాత్రం పిస్టన్ కదలిక పొట్టిదై వేడి పెరుగుతూ ఉంటుంది. మిగిలిన గాలికి దారి చూపండి: ఒకటి రెండు కొళాయిలను గాలిలోకి కొద్దిగా తెరిచి ఉంచండి, లేదా అదే తొట్టెల్లో అదనపు రాళ్లు వేయండి. తొట్టె ఎక్కువ లోతున్న చోట కొళాయి ఎక్కువ తెరిచి, లోతు తక్కువ చోట తగ్గించండి. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది.

రాళ్లను తొట్టె మధ్యలో కుప్పగా వేయకుండా గోడల వెంట ఎడంగా వేస్తే నీరు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి తిరుగుతుంది. ఈ తిప్పుడు చాలా ముఖ్యం; పైపొర నీరు మారుతూ ఉంటేనే నేరుగా గాలి నుంచి కూడా ఆక్సిజన్ దిగుతుంది. అయితే గాలి ఎంత కొట్టినా చేపలు విడిచే అమ్మోనియా పోదు. నీరు మార్చే పని చేస్తూనే ఉండాలి.

కరెంటు, బ్యాటరీ

లోహపు ఒంటి పంపుకు మూడు పిన్నుల ప్లగ్గే ఉండాలి, సాకెట్‌కు ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. తడి చేతులతో రోజంతా పనిచేసే చోటు కాబట్టి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించండి; ఇది ఖర్చు తగ్గించుకునే చోటు కాదు. వైరు సాకెట్‌కు చేరేముందు ఒక వంపు కిందికి వేలాడేలా వదిలితే, వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్‌లోకి పోదు.

కరెంటు పోయినప్పుడు దట్టంగా చేపలున్న తొట్టెకు గడువు గంట లోపే. ఇక్కడ ఈ పంపు తక్కువ వాట్లు మనకు కలిసివస్తాయి. 12 వోల్టుల 100 యాంపియర్ అవర్ బ్యాటరీలో 1,200 వాట్ అవర్లు ఉంటాయి. బ్యాటరీ మన్నిక కోసం సగమే వాడినా, ఇన్వర్టర్ తన కోసం తాను తినేది పోయినా, 35 వాట్ల పంపు 10 గంటలు నడుస్తుంది. ఇన్వర్టర్ మాత్రం సైన్ వేవ్‌ది, అంటే ఇంటి కరెంటులాంటి నున్నటి తరంగం ఇచ్చేది అయి ఉండాలి. చతురస్ర తరంగం ఇచ్చే చవక ఇన్వర్టర్ మీద పెడితే పంపు గుర్రు కరుకుగా మారుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. చేపలను వ్యాన్‌లో తరలించేవారికి బండి బ్యాటరీ మీద నేరుగా నడిచే 12 వోల్టుల పంపులు విడిగా దొరుకుతాయి. వాటిని 230 వోల్టుల సాకెట్‌కు, 230 వోల్టుల పంపును నేరుగా బ్యాటరీకి తగిలించకండి.

మొదటి రోజు చేయవలసిన పరీక్ష

అమర్చిన రోజే పంపు ఎంత గాలి ఇస్తోందో కొలిచి రాసిపెట్టుకోండి. దీనికి మీటర్లు అక్కరలేదు, ఇంట్లో ఉండే 20 లీటర్ల నీళ్ల క్యాన్ చాలు. క్యాన్‌ను నిండా నింపి, మూతిని అరచేత్తో మూసి, నీళ్లున్న తొట్టెలో తలకిందులు చేయండి. బరువు కాబట్టి ఇద్దరు ఉండటం మంచిది. మూతి నీటి మట్టానికి కొంచెం కిందే ఉండాలి. పంపు పెద్ద పైపును ఆ మూతిలోకి దూర్చి, ఫోనులో సమయం చూడండి. గాలి ఎక్కుతుంటే క్యాన్‌లో నీరు గుడగుడమంటూ దిగిపోతుంది. 30 సెకన్లలో ఖాళీ అయితే నిమిషానికి 40 లీటర్లు. 40 సెకన్లు పడితే 30 లీటర్లు. ఆ సెకన్లను తేదీతో సహా పంపు పక్క గోడ మీద మార్కరుతో రాయండి. తరువాత ప్రతి రెండు నెలలకూ ఇదే కొలత తీస్తే, పిస్టన్ అరుగుదల మీ కళ్ల ముందు అంకెల్లో కనపడుతుంది.

అన్ని రాళ్లూ తగిలించి రెండు గంటలు నడిచాక ఒంటి మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా, చెయ్యి ఆనించి ఉంచగలిగేలా ఉంటే సరే. వెంటనే తీసేయాల్సినంత వేడిగా ఉంటే పంపును తప్పుపట్టకముందు ఒక కొళాయి తెరవండి, రాళ్లు చూడండి.

కాపాడుకోవడం

పంపు వేడెక్కిందనీ గాలి తగ్గిందనీ చెప్పినవారి ఇళ్లలో నేను ఎక్కువసార్లు చూసిన కారణం పంపులో లేదు, రాళ్లలో ఉంది. కొన్ని వారాల్లోనే రాయి మీద జిగురు పొర, దాని మీద నాచు పేరుకుని రంధ్రాలు పూడిపోతాయి. ఆ రాయి ఒక మూసిన కొళాయితో సమానం. నెలకొకసారి రాళ్లు తీసి, బ్రష్‌తో తోమి, నీళ్లు కలిపిన వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, మంచినీటితో కడిగి, ఎండలో ఆరనివ్వండి. రెండు జతలుంటే ఒకటి ఆరుతుండగా ఇంకొకటి పనిలో ఉంటుంది.

గాలి పీల్చే చోట ఫిల్టర్‌గా ఉండే ఫెల్టు (మందపాటి మెత్తటి గుడ్డ) ముక్కను నెలకొకసారి తీసి దులపండి. బూడిదరంగు దళసరి పొర పట్టి ఉంటే సబ్బునీటిలో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి పెట్టండి. తడి ఫెల్టు పెట్టడంకన్నా ఒక పూట పంపు ఆపి ఉంచడం నయం. అయితే ఆ పూట చేపలకు వేరే గాలి ఏర్పాటు చేయండి.

సిలిండర్‌లో చుక్క నూనె కూడా వేయకండి. శబ్దం మారింది కదా అని కుట్టుమిషను నూనె వేసేవారున్నారు. పిస్టన్ అరిగి రాలిన పొడి, నూనె కలిసి ముద్దయి పిస్టన్‌ను గోడకు అంటిస్తాయి. పొడిగా ఉంటే ఆ పొడి గాలితో పాటు కొంత బయటికి పోయేది.

రాళ్లు, ఫెల్టు, పైపులు అన్నీ బాగున్నా క్యాన్ ఖాళీ అవడానికి మొదటి రోజుకన్నా సగం ఎక్కువ సమయం పడుతుంటే, అంటే 30 సెకన్ల చోట 45 పడుతుంటే, అప్పుడు విప్పండి. ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, తల భాగం స్క్రూలు ఊడదీయండి. వాల్వు రెక్కలు ఏ వైపు ఏ రెక్క ఉందో ముందే ఫోనులో ఫోటో తీసుకోండి. వాటిని తిరగేసి బిగిస్తే పంపు నడుస్తుంది, గాలి రాదు. రెక్కలు చదునుగా ఉన్నాయా, అంచు చిరిగిందా చూసి, పొడి నూలు బట్టతో తుడవండి. సిలిండర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపలి గోడ చూడండి. మెరుపు మధ్యలో నిలువు గీతలు కనిపిస్తే గోటితో మెల్లగా అడ్డంగా గీయండి. గోరు జారిపోతే ఆ సిలిండర్ ఇంకా కొన్నాళ్లు వస్తుంది. గోరు తట్టుకుంటే పిస్టన్, సిలిండర్ రెండూ కలిసిన సెట్టునే కొనండి. కొత్త పిస్టన్‌ను గీతలు పడిన పాత గోడలో వేస్తే ఆ గీతలే దాన్ని కొద్ది రోజుల్లో కోసేస్తాయి. సెట్టు కొనేటప్పుడు పంపు లేబుల్ ఫోటో దుకాణదారుకు చూపించండి, ఒకేలా కనిపించే పంపుల్లో కూడా పిస్టన్ వ్యాసం వేరుగా ఉంటుంది. బిగించాక తొట్టెకు తగిలించకముందు మళ్లీ ఆ క్యాన్‌తోనే కొలిచి, కొత్త సెకన్లను గోడ మీద పాతవాటి కింద రాయండి.